మామ్మ చూపు కొలతలు

కిందటి నెల కాకినాడలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, నా వీపుకీ గోడకీ మధ్య చెయ్యి దూర్చి చూసి, "మేడమ్, మీ పోశ్చర్ బాలేదండి" అంది. మెడనొప్పని వెళ్ళినదాన్ని. బాలేదంటే ఎలా బాలేదని అడిగాను. బాలేదంటే బాలేదండి, కరెక్ట్ చేసుకోవాలండి అంది. ముందుకి వంగానా, పక్కకి ఒరిగానా, ఒక భుజం దిగిందా, మెడ ముందుకి సాగిందా, నడుము లోపలికి పోయిందా, ఏదో ఒకటి చెప్పమ్మా, నేనేమీ అనుకోనులే అన్నాను. ఆ పిల్ల కంగారుపడి కాగితం మీద మనిషి బొమ్మ గీసి, వెనకాల ఒక బాణం గుర్తు పెట్టింది. అన్నేళ్ళు చదివిన చదువులో మనిషి నిలబడే తీరుకి ఒకే ఒక్క మాట. అది బాగుంటుంది, లేదా బాగుండదు. అంతే.

నేను ఆ పిల్లతో దెబ్బలాడకుండా వచ్చేశాను. ఆ సంగతి చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. దెబ్బలాడకపోవటానికి కారణం, ఆ బాణం గుర్తు చూస్తుంటే నాకు మా మామ్మ గుర్తు రావటం.

మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. మండపేటకి నాలుగు మైళ్ళ దూరంలో, కాలవ గట్టు మీద మా ఇల్లు. నాన్నగారూ చిన్నాన్నా ఇద్దరూ మిషన్ బళ్ళో మాస్టర్లు. ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు. పిల్లలం ఆరుగురం ఉన్నా ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ, చిన్నాన్న కూతురూ. అది నాకంటే ఐదు నెలలు చిన్నది. ఆ ఐదు నెలలకే నన్ను అక్కా అని పిలిచేది. ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. నాకు దాని మీద ఉన్న కోపాల్లో అదొకటి. అంత మర్యాదగా ఉండేవాళ్ళని తిట్టడం కష్టం.

మామ్మకి దగ్గర చూపు పోయింది. బైబిలు తలకిందులుగా పట్టుకున్నా తెలిసేది కాదు, కంచంలో ముల్లు ఎవరైనా తీసిపెట్టాలి. దూరపు చూపు మాత్రం గద్ద చూపు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, కాలవ అవతలి గట్టున నడిచే మనుషుల్ని ఒకరి తర్వాత ఒకరిని వర్ణించేది. ముఖం కనపడనంత దూరం. అయినా మామ్మకి ముఖంతో పనేంటి? ఆ వచ్చేది దొడ్డికాళ్ళ మనిషి, ఫలానా వాళ్ళ అల్లుడయ్యుంటాడు. ఆ పక్కన రొమ్ము విరుచుకు నడిచేవాడు కొత్తగా ఉద్యోగం వచ్చినవాడు, నెల పోతే వాడే వంగుతాడు. ఆవిడ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషే, భర్త పోయాక భుజాలు కుంగిపోయాయి. బక్కపలచన వేరు, పీల వేరు, అర్భకం వేరు. బక్కపలచనవాడు బస్తా మోస్తాడు, పీలగా ఉన్నవాడు మోయనంటాడు, అర్భకుణ్ణి మోయమని ఎవరూ అడగరు. ఇవన్నీ మామ్మ పాఠాలే. మా బళ్ళో ఇంత శ్రద్ధగా ఏ మాస్టారూ చెప్పలేదు, మా నాన్నగారితో సహా.

ఒకసారి నేను అమ్మ చీర చుట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, వంతెన దాటి అవతలి గట్టు మీద హుందాగా నడిచి చూపించాను. మామ్మ ఇవతల నుంచే పక్కింటావిడతో, చీర కోడలిది, నడక కోతిది అందట. నేను ఇంటికొచ్చేసరికి వీధంతా నవ్వుతోంది. చిన్నాన్న కూతురు మాత్రం నవ్వలేదు. బాగానే నడిచావక్కా అంది. అదీ దాని సంగతి.

క్రిస్మస్ ముందు మామ్మ చూపుతో పని పడేది. ఇంటిల్లిపాదికీ ఒకే తానులో గుడ్డ తీసి, మండపేటలో మిల్లుల వీధి చివర ఉన్న టైలరు దగ్గర కుట్టించేవాళ్ళు. పిల్లలందర్నీ బస్సెక్కించి కొలతలకి తీసుకెళ్ళేంత ఓపిక ఎవరికీ లేదు. అందుకని పోయినేడాది గౌనుని ఆదిగా పంపేవాళ్ళు. కానీ ఎదిగే పిల్లలకి ఆది ఏం సరిపోతుంది? మిగతాది మామ్మ చెప్పేది. మేం ఒక్కొక్కరం అరుగు నుంచి నూతి దాకా నడిచి వెనక్కి రావాలి. మామ్మ చూసి, ఏడాదిలో ఒళ్ళు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ చిక్కిందో, మనిషి ఎలా నిలబడుతోందో మాటల్లో చెబితే, అది చీటీ మీద రాసి ఆదికి గుండుసూదితో గుచ్చాలి. ఆ చీటీ చూసి టైలరు కత్తెర పట్టేవాడు. ఒక్క గౌను కూడా వెనక్కి వచ్చేది కాదు. అమ్మగారి చీటీ ఉంటే నాకు టేపక్కర్లేదండి ఆయ్, అని ఆయన మా చిన్నాన్నతో అనేవాడట. ఆ మాట విని వీధిలో వాళ్ళు కూడా పిల్లల్ని తీసుకొచ్చి నూతి దాకా నడిపించేవాళ్ళు. డిసెంబరు మొదటి వారం మా అరుగు నిండా జనమే. లోపల అమ్మా పిన్నీ అరిసెల పాకం పడుతుంటే బెల్లం వాసన, బయట కొత్త గుడ్డ గంజి వాసన, నడుమ మామ్మ గొంతు.

ఆ చీటీలు రాసేది నేను. ఇంట్లో నాది గుండ్రని దస్తూరి. చిన్నాన్న కూతురికి ఒత్తులు రావు. అందుకే ఆ పని నా నెత్తిన పడింది, నేను కోరి తీసుకున్నది కాదు. అది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నా తరఫున చెప్పుకోవటానికి నాకున్నది అదొక్కటే.

ఎందుకంటే ఆ ఏడాది, మాకు పదకొండేళ్ళప్పుడు, క్రిస్మస్ ఆరాధనలో ముందు నిలబడి వాక్యం చదవటానికి ఒక ఆడపిల్ల కావాలన్నారు. మా చర్చిలో అంతకు ముందు పెద్ద మగపిల్లలే చదివేవాళ్ళు. నేను ఆ అధ్యాయం మొత్తం చూడకుండా చెప్పేదాన్ని. దానికి ఒక్కో వచనం దగ్గర ఆగి ఊపిరి తీసుకోవాలి. పాస్టరు అయ్యగారి భార్య, మేం అమ్మగారు అనేవాళ్ళం, మా ఇద్దర్నీ పీఠం ముందు నిలబెట్టి చూసింది. చదివించి కూడా చూసింది. చివరికి చెల్లెలు చదువుతుందిలే, చక్కగా నిలబడుతుంది అంది. నన్ను వెనక వరసలో పాటకి పంపింది. చదివేది నోటితోనా వెన్నెముకతోనా అని నేను అడిగాను. పైకే అడిగాను. ఇంటికి ఫిర్యాదు వచ్చింది, అమ్మ చెవి మెలిపెట్టింది.

దీన్ని చదువుకున్నవాళ్ళు అసూయ అని రాస్తారు. నాది అంత నాజూకైనది కాదు. కుళ్ళు. అన్నం సహించలేదు. రాత్రి పక్కలో అది నా మీద చెయ్యేసి పడుకుంటే ఆ చెయ్యి తీసి అవతల పడేసేదాన్ని. దాని మెడ, దాని జడ ఆ మెడ వెనక తిన్నగా వేలాడే తీరు, బిందె చంకనెత్తుకున్నా ఒరగని నడుము, అన్నీ నాకు చేసిన ద్రోహాల్లాగే కనిపించేవి. దానికేమో ఏమీ తెలియదు. నీకు వచ్చుగా అక్కా, నాకు నేర్పించవా అని వాక్యం పట్టుకుని నా వెనకే తిరిగింది. నేర్పించాను. తప్పు నేర్పిద్దామనుకున్నాను గాని, తప్పు చదవటం నాకు చేతకాలేదు.

ఆ వారమే చీటీలు రాయటం. ఆ ఏడాది గుడ్డ ఆకాశనీలం, మీద తెల్ల పువ్వులు. ముందు మగపిల్లలవి అయిపోయాయి. తర్వాత అది నూతి దాకా వెళ్ళి వచ్చింది. మామ్మ కళ్ళు చిట్లించుకోకుండా, చాలా తీరిగ్గా చెప్పింది.

"రివట. మెడ జానెడుంటది. భుజాలు వాలుగా దిగుతాయి. నిటారు మనిషి. పొడుగు మూడు వేళ్ళు పెంచమను, నడుం దగ్గర పెంచొద్దను. అక్కడ పెంచితే ఆ పిల్ల అందం పోద్ది."

అక్షరం పొల్లుపోకుండా ఇప్పుడు కూడా చెప్పగలను. అప్పుడు మాత్రం రాయలేదు. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. అది గుమ్మంలో కూర్చుని అరిసె కొరుకుతోంది. తర్వాత నా వంతు. పలకా చీటీ అరుగు మీద పెట్టి నూతి దాకా వెళ్ళాను. వెళ్ళేటప్పుడు బాగా తలెత్తుకుని నడిచినట్టు గుర్తు. తిరిగొచ్చి మామ్మ పక్కన కూర్చుని పెన్సిలు తీశాను.

"కుదిమట్టం మనిషి. గట్టి ఒళ్ళు. మెడ కురచ. గూని కాదు గాని ముందుకి వంగి నడుస్తది."

ఆ తర్వాత మామ్మ ఇంకా ఏదో చెప్పింది. నేను వినలేదు. వంగి నడుస్తది అన్న మాట దగ్గరే నా చెయ్యి కదలటం మొదలుపెట్టింది. దాని చీటీ మీద గుండ్రంగా, అందంగా రాశాను: ఈ ఏడాది బాగా ఒళ్ళు చేసింది, బొద్దు మనిషి, వీపు గూని, నడుము దగ్గరా వీపు దగ్గరా నాలుగేసి వేళ్ళు వదులు పెట్టవలెను. నా చీటీ మీద రాశాను: రివట, నిటారు మనిషి, చిక్కింది, ఆది కంటే రెండు వేళ్ళు తగ్గించవలెను. మామ్మ రెండు చీటీలూ చేతిలోకి తీసుకుని, అలవాటుగా కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, బాగా రాశావమ్మా అని తిరిగి ఇచ్చింది. గుండుసూదులు గుచ్చాను.

నా చీటీ సంగతి అడిగితే, అది మోసం చేద్దామనే రాశాననను. నా చీటీలో ఆ మాటలు రాస్తుంటే, టైలరు వాటిని నమ్ముతాడని, నమ్మి కుడితే అవి నిజమవుతాయని ఎక్కడో అనుకున్నాను. పదకొండేళ్ళకి అంత తెలివితక్కువతనం ఉండొచ్చు. దాని చీటీకి మాత్రం అటువంటి సాకు లేదు.

గౌన్లు పండగ ముందురోజు సాయంత్రం వచ్చాయి. దాని గౌను దాని మీద గోనెసంచిలా ఉంది, వీపున గుడ్డంతా బుడగలా లేచింది. నాది రెండు చేతులూ దూరాయి గాని వెనక గుండీలు అందవు. వేరే దారి లేదు, పండక్కి ఒక్కొక్కరికి ఆ ఒక్క కొత్త జతే. అమ్మ నా వీపుకి ఐదు పిన్నీసులు పెట్టింది. పిన్ని దాని నడుముకి తెల్ల రిబ్బను బిగించింది. ఇన్నేళ్ళలో లేనిది ఈసారి ఇలా అయ్యిందేంటని ఇద్దరూ టైలరుని తిట్టారు. మామ్మ మాత్రం మంచం మీద కూర్చుని నా గౌను కుట్లు వేళ్ళతో తడిమి చూసింది, తర్వాత దాని గౌను తడిమింది.

మర్నాడు చర్చిలో జరిగింది చెబుతాను. అది ఆ గోనెసంచిలో ముందుకెళ్ళి నిలబడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా గుండె సంతోషంతో కొట్టుకుంది, అబద్ధమెందుకు. అది తలెత్తి, మెడ నిలిపి, మొదటి వచనం అందుకుంది. అంతే, గౌను కనపడటం మానేసింది. ఒక్క చోట కూడా ఆగలేదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నేనే నేర్పాను కదా. వెనక వరసలో నేను జీవితంలో మొదటిసారి నిటారుగా నిలబడి ఉన్నాను. వంగితే కుట్లు తెగుతాయి. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, వెదురుబద్దలా నిలబడ్డాను, ఒక్కరంటే ఒక్కరు నావైపు చూడలేదు. తర్వాత అయ్యగారు ప్రార్థన చేద్దామన్నారు. అందరితో పాటు తల వంచాను. ఆ నిశ్శబ్దంలో నా వీపు మెడ నుంచి నడుము దాకా పర్రుమని చిరిగింది. అయ్యగారు కూడా ఒక క్షణం ఆగారు. చెల్లెలు ముందు నుంచి నడిచొచ్చి, నా వెనక నిలబడి, తన వదులు గౌను కుచ్చెళ్ళు నా వీపుకి అడ్డం పట్టుకుంది. ప్రార్థనా, ఆ తర్వాత పాటా అయిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. దానికి నేనింకా థాంక్స్ చెప్పలేదు.

రెండ్రోజులకి చిన్నాన్న కబురు పెడితే టైలరు సైకిలు మీద వచ్చాడు. సన్నగా, మిషను మీద వంగీ వంగీ మెడ ముందుకి సాగిన మనిషి. తిట్లు తినటానికి సిద్ధపడి, తనతో పాటు చీటీలు గుచ్చిన ఇనపతీగ కూడా తెచ్చుకున్నాడు. అరుగు మీద అమ్మా పిన్నీ వీధిలో వాళ్ళూ చేరారు. నేను తలుపు వెనక ఉన్నాను. ఆయన తీగలోంచి రెండు చీటీలు లాగి పైకి చదివాడు. నా మాటలు నా చెవులతో విన్నాను. బొద్దు మనిషి, వీపు గూని అని చదివినప్పుడు పిన్ని ముఖం ఎర్రబడింది.

"మీరు రాయించినట్టే కుట్టానండి అమ్మగారు. పిల్లని చూళ్ళేదు కదండి, మీ మాట మీదే కత్తెర పెట్టాను" అన్నాడు.

అందరూ మామ్మ వైపు చూశారు. మామ్మ కాలవ అవతలికి చూస్తోంది. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. చీటీలు రాసింది ఎవరో అందరికీ తెలుసు. మామ్మ ఒక్క మాట అంటే చాలు.

"అవునయ్యా, నేనే చెప్పాను. ఇద్దర్నీ తారుమారుగా చూసినట్టున్నాను. కళ్ళు మందగించాయి" అంది మామ్మ.

టైలరు మంచివాడు. పర్వాలేదండి, పెద్దవారయ్యారు కదండి అని రెండు గౌన్లూ ఊరికే సరిచేసి పంపాడు. కానీ ఆ మాట మిల్లుల వీధిలో ఆగలేదు. మరుసటి ఏడాది డిసెంబరుకి మా అరుగు మీదకి ఎవరూ పిల్లల్ని తీసుకురాలేదు. మామ్మ కూడా టైలర్నే ఇంటికి రమ్మని కబురు పంపించింది. ఆయన మెళ్ళో టేపు వేసుకొచ్చి మా అందరికీ చుట్టి అంకెలు రాసుకున్నాడు. నాకూ దానికీ అంకెల్లో పెద్ద తేడా ఏమీ లేదు. రెండంగుళాలు.

అది కూడా కాదు నన్ను కోసింది. మామ్మ తను ఆడిన అబద్ధానికి కట్టుబడిపోయింది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చునేది గాని, అవతలి గట్టున పోయేది ఎవరు మామ్మా అంటే, ఎవరో, నా కళ్ళకేం తెలుస్తదమ్మా అనేది. తెలుస్తుందని నాకు తెలుసు. ఒక్కోసారి ఎవరో నడిచొస్తుంటే మామ్మ పెదవి కదిలేది, నవ్వు మొదలయ్యేది, వెంటనే ఆపేసుకునేది. అన్ని మాటలున్న మనిషి, నా చీటీ మూలంగా గుడ్డిదానిలా నటిస్తూ కూర్చుంది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఒప్పుకుంటే నాకేం పేరు పెడతారోనని భయం.

కాకినాడలో డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకి వచ్చినప్పుడు ఒక ఉదయం ఒప్పుకున్నాను. అప్పటికి మామ్మ చూపు నిజంగానే పోయింది. ఎండలో మడతమంచం వేసి కూర్చోబెట్టి తలకి నూనె రాస్తూ చెప్పాను. మామ్మకి ఆశ్చర్యం లేదు. గౌన్లు తడిమిన రోజే తెలుసంది. మరి ఎందుకు ఒప్పుకున్నావని గట్టిగానే అడిగాను, తప్పు తనదే అయినట్టు.

"పదకొండేళ్ళ పిల్లకి కుళ్ళుబోతని పేరు పెడితే పెళ్ళయినా పోదు, పిల్లలు పుట్టినా పోదు. ఒళ్ళు మారుద్ది గాని ఒకసారి అన్న మాట మారదే. నా కళ్ళకంటావా, అవెలాగూ పోయేవే" అంది. తర్వాత తనే మళ్ళీ అంది. "వంగి నడుస్తదన్నాక ఇంకో మాట చెప్పాను. నువ్వు రాయలేదు. టైలరు చదివినప్పుడు నేను దానికోసమే చూశాను."

ఏం మాట అన్నాను. నూనె చేతుల్తోనే ఆవిడ ముందుకొచ్చి కూర్చుని, చెప్పు మామ్మా అని బతిమాలాను. మామ్మ నా వైపు చూడబోయి, నా భుజం పక్కగా ఎటో చూసింది. "మనిషిని చూస్తే వచ్చే మాటమ్మా అది. ఇప్పుడు నువ్వు నాకు మసక. చూడకుండా ఏదో ఒకటి చెబితే అది కూడా దొంగ చీటీయే అవుద్ది. ఆ రోజు గుమ్మంలో మీ చెల్లెలుంది. దాన్నడుగు."

అడగలేదు. ఎవర్నైనా అడుగుతాను గాని దాన్ని అడుగుతానా? మామ్మ పోయింది. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అది ద్రాక్షారామంలో ఉంటుంది. మోకాళ్ళు అరిగాయంటుంది గాని ఇప్పటికీ బస్సు దిగి నడిచొస్తుంటే వెనక నుంచి పెళ్ళికూతురే అనుకుంటారు. నేను ప్రతి పెళ్ళిలోనూ దాని పక్కన ఫొటోకి నిలబడకుండా ఏదో ఒక పని కల్పించుకుని తప్పించుకున్నాను.

పోయిన ఆదివారం దానికి ఫోను చేసి అడిగాను. నలభై ఏళ్ళు దాటిన ప్రశ్న, మెడనొప్పి సంగతి చెబుతూ మధ్యలో మామూలుగా అడిగినట్టు అడిగాను. అరిసె గుర్తుంది, గుమ్మం గుర్తుంది, మామ్మ నా గురించి ఏదో అంటే తను నవ్విన సంగతి కూడా గుర్తుందంది.

"మంచి మాటేనక్కా. విని, అక్క అచ్చం అంతే కదా అనుకున్నాను. ఏం మాటో మాత్రం గుర్తు రావట్లేదు. అయినా నువ్వు రాసే ఉంటావుగా?"

దానికి అబద్ధమాడటం రాదు. గుర్తు లేదంటే లేనట్టే. నా కోసం మామ్మ వెతికి తీసిన మాట దాని చెవిన పడింది, అది విని నవ్వుకుంది, అరిసెతో పాటు మర్చిపోయింది. పోగొట్టుకున్నానని కూడా తెలియకుండా ఇన్నేళ్ళూ హాయిగా ఉంది. అదే నా చెవిన పడి ఉంటే, ఎంత చిన్న మాటైనా, నేను జాగ్రత్తగా దాచుకునేదాన్ని.

మెడకి ఆవిరి పట్టమని, దిండు లేకుండా పడుకోమని చెప్పి అది ఫోను పెట్టేసింది. నాకు దాని మీద ఇంకా కుళ్ళుగానే ఉంది.